ఇమ్మానుయేలు రొట్టె మిషిన్

మా ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో ఏది చెడిపోయినా ఇమ్మానుయేలు దగ్గరికే పోతాం. బాగవుతుంది గానీ, పోయినట్టు తిరిగి రాదు. నా మిక్సీ ఇస్తే, దానికి పచ్చ దీపమొకటి తగిలించి తెచ్చాడు. "ఇదెందుకు తమ్మీ?" అంటే, "నడుస్తున్నట్టు తెల్వద్దా అక్కా?" అన్నాడు. ఆ మిక్సీ తిరిగితే గల్లీ చివరిదాకా వినపడుతుంది.

అతనిది రావిర్యాల వైపు ఒక కంపెనీలో ప్రెస్సు పని. రేకులను అదిమి వంచే యంత్రాలు. భార్య మరియకు నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి పొద్దున్నే వండి, ఆమెకు తల దువ్వి, డ్యూటీకి పోతాడు. మధ్యాహ్నం ఆమె చల్లారిన అన్నం తింటుంది. అంతకుముందు మరియ జొన్నరొట్టె కొడుతుంటే ఆ వాసనకు మా ఇంట్లో ఆకలయ్యేది.

ఒకరోజు నా ముందే మొగుణ్ణి అడిగింది.

"ఎడమచెయ్యితోని ఒత్తితే రొట్టె అయ్యేటట్టు ఓ చెక్క చేసియ్యి. నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు వేడిగ ఒక్కటి చేస్కుంట. నా అంతల నేను."

"చెక్కేందే! మిషినే చేస్త, సూడు."

ఎండాకాలమంతా చేశాడు. ముద్దను అదిమే మోటారు పెట్టాడు. పెనం వేడెక్కితే ఎర్ర దీపం, రొట్టె కాలితే క్రిస్మస్ పాట. "గింత ఎందుకు? చెక్క చాలు" అని మరియ అంటే, "నీకు తెల్వది, ఊకో" అనేవాడు ముద్దుగా.

ఒక ఆదివారం చర్చి అయ్యాక నలుగురినీ పిలిచాడు. మరియ కొత్త చీర కట్టుకుంది. ఎడమచేత్తోనే పిండి కలిపి పెట్టుకుంది. ముద్దను పెనం మీద పెట్టి బటన్ నొక్కింది. మిషిన్ కదల్లేదు.

"కరెంటు పోయిందా?" అన్నాను, నెత్తిమీద ఫ్యాను తిరుగుతుండగానే.

"ఒక్కటి నొక్కితే నడవదక్కా," అన్నాడు ఇమ్మానుయేలు గొప్పగా. "రెండు బటన్లు, రెండు చేతులతోని ఒక్కపారే నొక్కాలె. మా కంపెనీల గట్లనే. లేకుంటే చెయ్యి లోపల పడి నుజ్జయితది గద. ఉన్న ఒక్క చెయ్యికి ఏమన్న అయితే ఎట్ల అని..."

అక్కడ ఆగిపోయాడు.

వేరే ఇంట్లో అయితే పడీపడీ నవ్వేవాళ్లం. ఎవరూ నవ్వలేదు. అతను గబుక్కున పోయి రెండో బటన్ తనే నొక్కాడు. రొట్టె అయింది, అంచు ఎక్కడా చెదరకుండా. పాట కూడా వచ్చింది. ఏం చెయ్యాలో తోచక నేను చప్పట్లు కొట్టాను. నన్ను చూసి మిగతావాళ్లూ కొట్టారు. మరియ ఆ రొట్టె ముట్టలేదు.

అందరూ పోయారు. చాయ్ గ్లాసులు తీస్తూ నేనొక్కదాన్నే మిగిలాను. అతను స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు.

"జర ఆగు మరియా, గా రెండోది పీకేస్త."

"ఏది పీకితే ఏంది?" అంది ఆమె. "నా చెయ్యి పడిపోయిందని నువ్వింక నమ్మలే. ఎండాకాలమంత నా పక్కన్నే కూసొని చేసినవ్. ఒక్కపారన్న నా చెయ్యి దిక్కు సూసినవా?"

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

మరియ కింద కూర్చుని, మిగిలిన పిండిని పీట మీద పెట్టి ఎడమచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. జొన్నరొట్టెను ఒక చెయ్యి కొడుతుంటే రెండో చెయ్యి తిప్పుతూ అంచు కాయాలి. అంచు పగిలింది. మళ్లీ ముద్ద చేసి కొట్టింది. మళ్లీ పగిలింది. ఇమ్మానుయేలు చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆమె చూసిన చూపుకు వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ తొడల కింద అణుచుకుని కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మరియ తలెత్తలేదు. కొడుతూనే ఉంది.