పసుపు కింద చెక్కిన అంకె

మా ముత్తాతగారి తండ్రి సంస్థానంలో దివాను. ముత్తాతగారు గోదావరి కాలువ కింద పన్నెండు గ్రామాలకు జమీందారు. కచేరీలో ఆయన ఎదుట కుర్చీ కలెక్టరుకు మాత్రమే వేసేవారు. తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు. నేను దేశం దాటి వచ్చి, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటాను.

వెనకటి రోజుల్లో దక్షిణ ధ్రువానికి బయలుదేరిన ఒక తెల్లవారి బృందానికి ముత్తాతగారు చందా పంపారు. తిరిగి వచ్చాక వాళ్లు కృతజ్ఞతగా ఒక ఇత్తడి దుర్భిణి పంపారు. దాని గొట్టం మీద ఏదో చెక్కి ఉండేది. ధ్రువం చేరినందుకు గుర్తు అని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఏటా ఆయుధపూజలో కత్తుల పక్కన దానికీ పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్లం. తుడవడం అపచారం. నాలుగు తరాల పసుపు ఆ అక్షరాల్లో గట్టిపడిపోయింది. కత్తులు ఎప్పుడో పోయాయి. ఇక్కడికి వచ్చాక దాన్ని కారు బానెట్ మీద పెట్టి పూజ చేసేవాణ్ణి.

ఒక మ్యూజియంలో ధ్రువయాత్రల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, దుర్భిణి ఇస్తానని రాశాను. పక్కన పెట్టే చీటీ మీద మా వంశం పేరు ఉండాలన్నాను. ఒప్పుకున్నారు.

"ముత్తాతగారేమో ముక్కూ మొహం తెలియనివాళ్లని ధ్రువానికి పంపారు. మీరు అమ్మాయిని స్కూల్ క్యాంపుకి పంపమంటే చలి అంటారు," అంది మా ఆవిడ.

మ్యూజియం ఉద్యోగిని మా ముగ్గురి ఎదుటే చిన్న బ్రష్షుతో పసుపు రాల్చింది. ముత్తాతగారి పేరు, కృతజ్ఞతలు, కింద అక్షాంశం అంకె బయటపడ్డాయి. ధ్రువానికుండే తొంభై కాదు. అది వాళ్లు వెనుదిరిగిన చోటని ఆవిడ చెప్పింది. తిండి సరిపోదని తెలిసి నాయకుడు అందరినీ వెనక్కి తిప్పాడట.

"అంటే రీచ్ అవ్వలేదా, నాన్నా?"

"లేదు."

"అందరూ సేఫ్‌గా వచ్చారా?"

ఆ ఉద్యోగినిని అడిగాను. వచ్చారంది.

"దెన్ ఓకే కదా!"

ఆ యాత్ర ధ్రువం చేరలేదన్న మాట చీటీలో వద్దన్నాను. అది లేకుండా రాయలేమని ఆవిడ మర్యాదగానే చెప్పింది. దుర్భిణిని తువ్వాలులో చుట్టి వెనక్కి తెచ్చేశాను.

"ఇక్కడ మీ జమీందారీ ఎవరికి తెలుసండీ?" అంది మా ఆవిడ కారులో.

"మనకి తెలుసు."

"మనకి తెలిసిందేమిటో ఇప్పుడే చూశాం కదా."

కోపం రాలేదు, బాధా కలగలేదు. సిగ్నల్ దగ్గర ఆగాను, పచ్చ లైటు పడ్డాక కదిలాను.

ఆ దసరాకు దాన్ని బయటికి తీయలేదు. మీరనుకున్నట్టే రాసుకోండి అని మ్యూజియానికి ఒక ఉత్తరం టైపు చేశాను; పంపలేదు. మా పేరు ఆ మాట పక్కన నిలబెట్టడం నాకు చేతకాలేదు.

దుర్భిణిని, దాని తోలు పెట్టెను టౌరంగా అనే ఊళ్లో ఒక పాత వస్తువుల దుకాణానికి అమ్మేశాను.