సన్నవడ్ల మీద స్టార్ ఆటగాడు

కాలు విరిగింది, పెనాల్టీలు పోయాయి, ఒకసారి మా గోల్‌లోకి నేనే బంతి కొట్టుకున్నాను. అవన్నీ జనం మరిచిపోయారు. తొర్రూరు దగ్గర మా ఊరి మైదానంలో నేను చేసిన ఘనకార్యం మాత్రం ఇప్పటికీ ఊళ్లో పెళ్లి భోజనాల్లో పప్పుతో పాటు వడ్డిస్తున్నారు. మీరూ రుచి చూడండి.

అప్పుడే పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాను. వయసు తక్కువ, పొగరు ఎక్కువ. మా ఊరి ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పే యాకయ్య ఫోన్ చేశాడు.

"తమ్మీ, వడ్ల కాలం గదా, గ్రౌండ్ల ఆరబోసిర్రు. ఎక్కువ వడ్లు సత్తెమ్మవ్వయే, ఆమె దయతోటి పిల్లలకు సగం మిగిలింది. బంతి ఒక్కపారి వడ్ల మీద పడ్డా ఎల్లగొడ్తనన్నది. నువ్వొచ్చి జర మంచిగ చెప్పు, నీ మాట వింటది."

వినకేం! నల్ల కళ్లద్దాలు, తెల్ల బూట్లు వేసుకుని దిగాను. చేతికి మైకు దొరికింది. ఎంత ఎదిగినా ఒదిగి ఉండాలనీ, ఆడపిల్లల ఆటకు ఊరంతా అండగా నిలవాలనీ గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. సత్తెమ్మవ్వ కూడా తలూపింది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"అవ్వా, ఆట తెలిసినోడు కొడితే బంతి చెప్పిన కాడనే పడ్తది. సూడు."

"వద్దు తమ్మీ!" యాకయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"పరేషాన్ గాకే అన్నా. గా గోల్ మూలకు కొడ్త."

గోల్ కాస్తున్న మౌనిక నన్ను జాలిగా చూసింది. కొట్టాను. బంతి గోల్ మీదుగా ఎగిరి నేరుగా సత్తెమ్మవ్వ సన్నవడ్ల మీద పడింది. ఎవరూ గమనించకముందే తెద్దామని ఉరికాను (ఊరంతా నన్నే చూస్తోందన్న సంగతి తట్టలేదు). ఎండిన వడ్ల మీద బూటు నిలుస్తుందా? సన్నవడ్లు ఆరబోసిన పరదా పట్టా మీద జారినవాణ్ణి, పక్కనున్న లావు గింజల దొడ్డువడ్ల పరదా మీద తేలాను, తట్టెడు సన్నాలను వెంటబెట్టుకుని మరీ. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నా తల తన్నింది వడ్లగింజ.

"బూట్లతోటి వడ్లు తొక్కుతవారా? సన్నాలు తీస్కపోయి దొడ్డువాటిల కలిపినవ్! కల్తీ వడ్లని కాంట కాడ ధర కోస్తే ఏమని జెప్పాలె?" అని సత్తెమ్మవ్వ లేచింది.

యాకయ్య మొహం వాడిపోయింది. పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్ల మైదానాన్ని చేతులారా, కాదు, కాలారా పోగొట్టాను. నిజంగా ఏడుపొచ్చింది.

"తప్పు నాది అవ్వా, పిల్లలది గాదు," అని బూట్లు విడిచి, చేట అడిగి పుచ్చుకుని, కలిసిన చోట కూర్చుని గింజ గింజా ఏరడం మొదలుపెట్టాను. పిలవకుండానే పిల్లలూ వచ్చి కూర్చున్నారు. పొద్దువాలేసరికి నా నడుము కొడవలిలా వంగిపోయింది.

సత్తెమ్మవ్వ ఏరిన వడ్లు గుప్పిట్లోకి తీసి చూసి, తీర్పు చెప్పింది.

"యాకయ్యా, గీ పిల్లలు ఇన్నొద్దులు ఆడిర్రు. ఒక్క బంతన్న నా వడ్ల మీదికి రాలే. ఆళ్లను ఆడుకోనియ్యి. గీ పెద్ద ఆటగాణ్ని మాత్రం వడ్లు ఎత్తేదాంక గ్రౌండ్ల అడుగు పెట్టనియ్యకు."

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఎంత పెద్ద స్టేడియంలోనైనా సరే, చుట్టూ ఎక్కడా వడ్లు ఆరబోయలేదని తేల్చుకోనిదే బంతిని తన్నను. ఒదిగి ఉండమని ఎవరికీ మైకులో చెప్పను గాక చెప్పను.