ఢిల్లీ మీదుగా టికెట్టు

మొన్న మా వీధిలో కొత్తగా కట్టిన పెళ్ళిమంటపానికి మొగలాయి కమానులు, పైన ఉల్లిగడ్డలాంటి తెల్ల గుమ్మటం పెట్టారు. పక్కనుంచి పోతూ, నాకు తెలియకుండానే స్తంభాన్ని వేలి కణుపుతో తట్టాను. డొల్ల. కాపలాదారు అనుమానంగా చూశాడు. ఆ తట్టే విద్య వరంగల్‌లో మా మేనత్త నేర్పింది. మేమంతా స్టీలు సామాన్ల కొట్టులో పెరిగినవాళ్ళం. గిన్నె అయినా పెళ్ళిసంబంధమైనా తట్టి చూడకుండా తీసుకునేవాళ్ళం కాదు.

ఆ కొట్టులో బాగా పోయే సరుకు, మూత మీద తాజ్‌మహల్ అచ్చు వేసిన డబ్బాలు. ఏళ్ళ తరబడి వాటిని అమ్మిన అత్త అసలుదాన్ని చూడలేదు. రెండువేల ఆరులో మా ఆవిడ పురిటికి సాయమని షార్జాకు, అల్ నహ్దాలోని మా ఫ్లాటుకు వచ్చింది. కంచం పక్కనున్న గ్లాసు కనిపించక చేత్తో పడదోస్తుంటే డాక్టరుకు చూపించాం. కంట్లో ఒత్తిడి, పోయిన చూపు రాదు, ఉన్నది కూడా అంచుల నుంచి మూసుకుపోతుంది అన్నాడు. ఇల్లు చేరాక అత్త చెప్పులు విప్పుతూ అంది: "ఇన్నేండ్లు మూత మీద బొమ్మే అమ్మిన. పొయ్యేటప్పుడు అసలుది జూపియ్యిరా, జల్ది."

నేను రంగంలోకి దిగాను. షార్జాలోనే రోలా బజారులో టికెట్లమ్మే మలయాళీ దగ్గర టీలు తాగి, అలిగి లేచిపోతున్నట్టు నటించి, ఢిల్లీ మీదుగా టికెట్టును హైదరాబాదు ధరకే రాబట్టాను. ఇక కావలసింది నా సెలవు. అత్త ఒంటరిగా వెళ్ళలేదు, మా ఆవిడ పచ్చి బాలింత, నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, ఆయన ముందు నిలబడి శుక్రవారాలు కూడా పనిచేస్తానన్నాను, జీతం కోసుకోమన్నాను, వచ్చే ఏడు సెలవే అడగనన్నాను. బేరం సాగాలంటే ఎదుటివాడు ఏదో ఒక ధర చెప్పాలి కదా. ఆయన మర్యాదగా నాకు టీ తెప్పించి, సెలవు లేదు, ఖలాస్ అని, టీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు. తాగి వచ్చేశాను.

అసలు సరుకు లేనప్పుడు దానిలాంటిది అంటగట్టడం మా రక్తంలోనే ఉంది. వీసా గడువు ముగిసేలోగా అత్తను దుబాయ్‌లో ఒక కొత్త మాల్‌కు తీసుకెళ్ళాను. అందులో ఒక హాలంతా మొగలాయి పద్ధతే: జాలీ కిటికీలు, గోడలకు పూలతీగలు, నెత్తిమీద పెద్ద గుమ్మటం. ఆగ్రావాళ్ళు చూసినా ముక్కున వేలేసుకుంటారని ఊదరగొట్టాను. అత్త ఒక స్తంభాన్ని తట్టి, నా మొహం చూసింది. గుమ్మటం కింద తలెత్తి, చీర మడత మడతా విప్పి చూసినట్టు మెల్లగా మెడ తిప్పుతూ నిలబడింది.

"మొత్తం ఒక్కపారి కనబడ్తలేదురా. ఈ పువ్వు దొరికితె ఆ పువ్వు పోతున్నది."

నా చెయ్యి పట్టుకుని అంది: "అంటగట్టుడైతే మంచిగ అంటగట్టినవ్. మా అన్న కొడుకువనిపిచ్చుకున్నవ్."

నాకు సెలవు మరుసటి ఏడు దొరికింది. అప్పటికి అత్తకు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తున్నాయి. నాకెందుకిగ, నువ్వు పొయ్యి చూసి చెప్పు అంది. వెళ్ళాను. తాజ్‌మహల్ ఎదురుగా నిలబడి ఫోను చేశాను. ఎంత నాసి సరుకునైనా పొగిడి అమ్మగలిగిన నోటితో, "తెల్లగున్నదత్తా" అన్నాను.

"అది నాకెర్కేరా. ఇంకా?"

"శానా పెద్దగున్నది."

అవతల నవ్వు వినిపించింది. "ఇంకా?" అంది మళ్ళీ. నాకు ఇంకేమీ దొరకలేదు.

అత్త ఇప్పుడు లేదు. నేనూ ఉద్యోగం మానేశాను, సెలవు అడగాల్సిన ముదీర్ ఎవడూ లేడు. నా దగ్గర కాలం కొట్టు నిండా పేరుకుని ఉంది. అత్తకు పనికొచ్చే రోజు మాత్రం అందులో ఒక్కటీ లేదు.