నానబెట్టిన పడవ

బుక్కరాయసముద్రం చెరువులో మాకొక తెరచాప పడవల క్లబ్బు ఉంది. సభ్యులు నలుగురు, చెక్క పడవ ఒకటి. పడవ సిద్ధమైన ఏడే చెరువు ఎండింది కాబట్టి, క్లబ్బు చరిత్రంతా నీళ్ళ కోసం ఎదురుచూపే.

ఈ ఏడు నీళ్ళొచ్చాయి. కానీ ఎండకు పడవ చెక్కల మధ్య సందులు పడ్డాయి. నాలుగు రోజులు నీళ్ళలో ముంచితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయని, దాన్ని చేసిన వడ్రంగి ఓబులేసు తాత చెప్పాడు. రాళ్ళు నింపి శాస్త్రోక్తంగా ముంచాం. రేపటికి నాలుగు రోజులు నిండుతాయి, తాతే మొదట ఎక్కాలి.

ఈ సాయంత్రం వెళ్తే పడవ గట్టు మీద ఎండుతోంది. పక్కన గొర్రెలు కాసే రంగక్క గర్వంగా నిలబడి ఉంది.

"మీ పడవ మునిగిపోయిండాది అబ్బీ! ఆరు మందిమి ఈడ్చినాం. ఎవుడో పాపిష్టోడు రాళ్ళు గూడా ఏసినాడప్పా!"

"ఆ పాపిష్టోన్ని నేనేలేమ్మా," అన్నాడు నా వెనకున్న తాత. "ఇంగ నాలుగు దినాలు నాననీయల్ల. అందాక నీళ్ళుంటాయో లేదో."

మళ్ళీ ముంచాం. మొదటి రాయి రంగక్కే వేసింది. గట్టున బోర్డు కూడా పెట్టాం: "మునగలేదు, నానుతాండాది."

అటుగా వెళ్ళే దయగల మిత్రులకు క్లబ్బు తరఫున మనవి: మీరెవరూ కాపాడొద్దు.