ఇన్‌స్పెక్టరు గారి రెండో గుండె

ఇన్‌స్పెక్టరు గారు ఎవరు చెప్పిన అంకెనూ నమ్మరు. పాలవాడు లీటరన్నా, దర్జీ రెండున్నర మీటర్లన్నా, పక్కింటాయన పది నిమిషాల్లో వస్తానన్నా, ఆయన నోట వచ్చే మాట ఒక్కటే. "కొలిచి చూద్దాం."

తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. జేబులో టేపు, సంచిలో చిన్న త్రాసు లేకుండా గడప దాటరు. ఆయన వీధిలోకి వస్తున్నారంటే కూరగాయల బండివాడు అడక్కుండానే రెండు టమాటాలు ఎక్కువ వేసి దణ్ణం పెట్టేవాడు. ఆ రెండూ తీసి వాడికే ఇచ్చేసేవారు. ఎక్కువ తూగినా తప్పు తూకమే కదా అని.

పెళ్లయిన మూడో రోజే భార్యతో, "మీ నాన్నగారు నీ ఎత్తు ఒక అంగుళం ఎక్కువ చెప్పారోయ్" అన్న మనిషి ఆయన. "చెప్పులతో కలిపి చెప్పుంటారు లెండి" అని ఆవిడ సర్దిచెప్పింది. వెంటనే చెప్పులు కూడా కొలిచారు. ముప్పావు అంగుళమే వచ్చింది. మిగిలిన పావు అంగుళం గురించి మామగారు పోయేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఆవిడ మాత్రం వేరే రకం. బడిలో లైబ్రేరియన్. దూరాలూ బరువులూ ఆవిడ బుర్రకెక్కవు. ఇంటి నుంచి బడికి ఎంత దూరమమ్మా అంటే, నడుస్తూ చదివితే పన్నెండు పేజీలు అని చెప్పేది. ఆ దారి తొమ్మిది వందల మీటర్లని ఆయన కొలిచి చెబితేనే తెలిసింది.

అలాంటి మనిషికి ఈమధ్య గుండె రక్తనాళంలో అడ్డు వచ్చింది. డాక్టరమ్మ స్టెంటు వేసి, "ఇక భయం లేదండీ. రోజూ నడవాలి. గుండె వేగం నూట పది దాటనివ్వకండి. ఒక హార్ట్ రేట్ మానిటర్ కొనుక్కోండి. రెండు నెలల్లో కిలోమీటరు ఈజీగా నడిచేస్తారు" అంది. కిలోమీటరు అన్న మాట వినగానే ఆవిడ ఉన్నచోటే కూలబడింది.

ఇంటికొచ్చాక వీధి తలుపు వంక కూడా చూడలేదు. నడిస్తే గుండె ఆగిపోతుందని భయం. నడవకపోతే లైబ్రరీ పోతుందని దిగులు. పుస్తకాల కోసం పిల్లలు తోసుకుంటూ వచ్చే ఆ గది అంటే ఆవిడకి ప్రాణం. సెలవు ఇంకా ఆరు వారాలే ఉంది.

"మానిటర్ కొందాం పద" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఏదో ఒకటి తెచ్చేయండి, నేను రాను."

"ఏదో ఒకటా?" అని ఆయన అన్న తీరుకి ఆవిడకి అర్థమైంది, ఇది ఒక రోజుతో తేలే వ్యవహారం కాదని.

తేలలేదు కూడా. వీధి చివరున్న వ్యాయామ సామాన్ల కొట్టాయన మంచివాడు కాబట్టి, వాడి చూసి తిరిగిచ్చేందుకు ఒప్పుకున్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మొదట వేలికి పెట్టుకునేది తెచ్చారు. కూర్చుంటే చక్కగా చూపించింది. చెయ్యి ఊపుతూ నడిస్తే గీతలు తప్ప ఇంకేం లేవు. "కూర్చోవడం మాకు మానిటర్ లేకుండానే వచ్చు" అని మర్నాడే తిప్పి పంపించారు.

తర్వాత చేతికి కట్టుకునే పట్టీ. అందంగా ఉంది, రోజంతా పెట్టుకోవచ్చు, ఎన్ని అడుగులు వేశామో, ఎంత దూరం నడిచామో కూడా చెబుతుందట. ఆయన దాన్ని తన చేతికి కట్టారు, ఆవిడ చేతికి కట్టారు. చివరికి వంటింట్లో సొరకాయకి కట్టారు. సొరకాయ గుండె నిమిషానికి డెబ్బై రెండు సార్లు కొట్టుకుంది.

సొరకాయని చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లారు.

"ఏం బాబూ, దీని ఆరోగ్యం దివ్యంగా ఉంది. మా ఆవిడ సంగతి ఏమిటి?"

"సార్, దాన్ని మనుషులకి కట్టాలండీ. దీని అడుగున ఉన్న చిన్న దీపం వెలుతురు చర్మం మీద పడి... మణికట్టు ఎముకకి కాస్త పైన, బిగుతుగా..."

"బిగుతుగానే కట్టాను. సొరకాయ ఏమీ అనలేదు."

మూడోది ఛాతీకి కట్టుకునే పట్టీ. దానికో చిన్న తెర ఉంది, చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఆయన తన ఛాతీకి పొడిగా కడితే ఉలుకూ పలుకూ లేదు. కాస్త తడిచేయాలని కొట్టాయన చెబితే ఇంకు ఫిల్లరుతో లెక్కపెట్టి నీళ్లు వేశారు. ఆరు చుక్కలకి పలికింది. మణికట్టు పట్టుకుని స్వయంగా లెక్కపెడితే రెండు అంకెలూ కలిశాయి. అలా మూడుసార్లు.

"అయితే ఇదే కొనేయండి" అంది ఆవిడ.

"తొందరేముంది? కూర్చుంటే కలిసింది, నడిస్తే కలవద్దూ? పైగా ఒక్క నమూనాతో పరీక్ష చెల్లదు. రెండో గుండె కావాలి. రా."

"నేను నడవలేనండీ."

"నిన్ను ఎవరు నడవమన్నారు? పరీక్షకి సాక్షిగా ఉండమన్నాను. పార్కులో ఒక్క చుట్టు. నూట యాభై మీటర్లు. మన హాల్లో ఇరవై సార్లు తిరిగినంత."

నూట యాభై పెద్దగా భయపెట్టలేదు. వెళ్లింది. పట్టీ ఒకరోజు ఆయన కట్టుకుంటే ఒకరోజు ఆవిడ కట్టుకునేది. ఎవరు కట్టుకున్నా తెర చూసి అంకె పైకి చదవడం ఆవిడ పని. ఎనభై తొమ్మిది, తొంభై మూడు, తొంభై ఒకటి. నూట అయిదు వస్తే ఇద్దరూ బెంచీ మీద కూర్చునేవాళ్లు, అంకె దిగాక లేచేవాళ్లు. రెండో వారం రెండు చుట్లు. నాలుగో వారానికి మూడు. అయిదో వారానికి నాలుగు.

ఆ అయిదో వారంలోనే ఓ రోజు ముచ్చటపడి, ఇంకా తిరిగివ్వని చేతి పట్టీ కట్టుకుని వచ్చింది. నడక అయ్యాక చూసి తెల్లబోయింది. "ఏవండీ, కిలోమీటరు ఆరువందలు అంటోంది ఇది!"

"సొరకాయకి గుండె ఉందన్నది కూడా అదే కదుటోయ్" అని ఆయన చటుక్కున దాన్ని విప్పి జేబులో వేసుకున్నారు.

నిజమే కదా అనుకుంది ఆవిడ. ఇన్‌స్పెక్టరు గారి కొలత కంటే కొట్లో కొన్న పట్టీ కొలత ఎక్కువా?

ఆరో వారం శుక్రవారం కూర్చుని లెక్క వేసుకుంది. అయిదు వారాలకి ఆరువందల మీటర్లు. బడి తొమ్మిది వందలు. సోమవారం రమ్మంటున్నారు. కళ్లు తుడుచుకుని రాజీనామా రాసింది. "రేపు బడికి వెళ్లి పెద్ద మేడమ్‌కి ఇచ్చి రండి" అని ఆయన చేతికిచ్చింది.

ఆయన చాలాసేపు చూశారు. "పదకొండు లైన్లు" అన్నారు. మడిచి టేబుల్ మీద పెట్టారు.

ఆవిడకి ఒళ్లు మండింది. మనిషి గుండె తరుక్కుపోతుంటే లైన్లు లెక్కపెడతాడా? ఆ కోపంలో చేతి పట్టీ పట్టుకుని, తనే తిరిగిచ్చేద్దామని కొట్టుకి వెళ్లిపోయింది.

"రండి మేడమ్, ఒక్కరే వచ్చారే!" అన్నాడు కొట్టాయన. "ఈ మానిటర్ సంగతి ఇంకా తేలలేదా అని మీరు సార్‌ని అడుగుతుంటారట?"

"తేలితేగా!"

"అది మొదటి వారమే తేలిపోయిందండీ. ఛాతీ పట్టీ అప్పుడే కొనేశారు. అంకె సరిగ్గా ఉండాలి, దూరం మాత్రం చూపించకూడదు అన్నారు. అలాంటి మానిటర్ అడిగినవాళ్లు నా సర్వీసులో ఆయనొక్కరే. పార్కు చుట్టు నాలుగు వందల మీటర్లని మా ఆవిడకి తెలియనివ్వకు, నూట యాభై అని చెప్పాను అని సార్ నాతో..." అంటూనే కొట్టాయన నాలిక కరుచుకున్నాడు. "మేడమ్, నేనేం అనలేదండీ."

నాలుగు చుట్లు, చుట్టుకి నాలుగు వందలు. నాలుగు నాలుగులు పదహారు. ఆ మాత్రం లెక్క ఆవిడకీ వచ్చు.

ఇంటికొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు గారు పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, సాయంత్రం నడకకి సిద్ధంగా. తెర టేబుల్ మీదుంది. డెబ్బై నాలుగు.

"ఏవండీ, మన బడి ఎంత దూరం?"

"తొమ్మిది వందల మీటర్లు."

"మీ మీటర్లా, లోకంలో ఉన్న మీటర్లా?"

ఆయన కంటే ముందు తెర మాట్లాడింది. ఎనభై ఎనిమిది. తొంభై ఏడు. నూట నాలుగు.

"కొట్టువాడు చెప్పాడా?" అన్నారు చివరికి. "డాక్టరమ్మని అడిగే చేశానోయ్. గుండె అంకె ఒక్కటి కూడా మార్చలేదు, ఒట్టు. నీకు నడక అంటే భయం లేదు, కిలోమీటరు అన్న మాటంటేనే భయం. అందుకని ఆ మాట తీసేశాను."

"ముప్పై రెండేళ్లు ఊళ్లోవాళ్ల తప్పుడు కొలతలు పట్టుకున్న మనిషి!"

"నేను వేసింది ఇదొక్కటే" అన్నారాయన తల దించుకుని.

నూట పదకొండు.

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఆ అంకె మెల్లగా ఎనభైకి దిగేదాకా ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత రాజీనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"పెద్ద మేడమ్‌కి ఫోన్ చేయండి. సోమవారం వస్తున్నానని చెప్పండి."

"ఎన్నింటికి బయల్దేరతావు? ఎంతసేపు పడుతుందో లెక్క చెప్పనా?"

"వద్దులెండి" అంది ఆవిడ. "దారిలో మీరు తోడు రండి, చాలు. అంకెలు మాత్రం ఇకనుంచి నేను చెప్తాను."