జక్కయ్య సమాధి రాయి

"...బాపు గొంతు ఫోన్ల దాసిపెట్టుకుంటే ఏం పోతుండె అన్నా? మస్తు తెలివిగల్లోనివి, గళ్ల బొమ్మ ఫొటో తీసుకొచ్చినవ్!"

"నీకు లేదా ఫోన్? గొంతు ఆ బొమ్మలనే ఉంటదనుకున్న కెజియా. నాకేం తెలుసు?"

మేడ్చల్ రోడ్డు పక్కన, రాళ్లు చెక్కే కొట్టు ముందు అన్నాచెల్లెళ్లు కీచులాడుకుంటున్నారు. తల్లి ఎలీషమ్మ నల్లరాయి పక్కన కూర్చుంది. అది ఆమె భర్త జక్కయ్య సమాధి రాయి. పేరు ఇంకా చెక్కలేదు. క్యూఆర్ కోడ్ మాత్రం నున్నగా చెక్కి ఉంది.

జక్కయ్య మేడ్చల్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్టేషన్ చరిత్ర చెప్పే కోడ్‌ను ప్లాట్‌ఫాం గోడకు అంటించినప్పుడు ఆ ముచ్చట్లు ఆయన చేతే చెప్పించి రికార్డు చేశారు. చిన్న పట్టాల బండ్లు, ద్రాక్షబుట్టలు, వేలాడే పట్టా ముక్క మీద కొట్టిన గంటలు. నడుమ దగ్గు వచ్చింది. "ఆగుండ్రి సారూ, జెర నీళ్లు తాగనియ్యిండ్రి" అన్నాడు. అదీ అందులో ఉండిపోయింది.

ఆయన పోయాక ఎలీషమ్మ ఆదివారం చర్చి నుంచి నేరుగా స్టేషన్‌కు పోయేది. బండి కోసం నిలబడ్డ పిల్లలను "బిడ్డా, జెర గది పెట్టవా" అని బతిమాలేది. నీళ్ల మాట రాగానే "తాగు" అనేది. పిల్లలు ముఖాలు చూసుకునేవారు.

తల్లి తిప్పలు చూడలేక కొడుకు జాన్సన్ ఆ కోడ్‌ను ఫొటో తీసి రాతి మీద చెక్కించాడు. సమాధి దగ్గరే వినొచ్చనుకున్నాడు. జ్ఞాపకార్థ కూటం ఎల్లుండి. ఇవాళ కెజియా ఫోన్ పట్టి చూస్తే, "మేడ్చల్ స్టేషన్‌కు స్వాగతం" అంది ఎవరో అమ్మాయి.

స్టేషన్‌కు ఫోన్ చేశారు. స్పష్టంగా ఉండాలని కొత్తగా రికార్డు చేయించారట. పాతది లేదట.

"కోడ్ల గొంతుండదన్నా," అన్నాడు రాయి చెక్కే వీరేందర్. "గొంతున్న కాడికి తొవ్వ సూపిస్తది, గంతే."

"ఇంకోపారి పెట్టు బిడ్డా," అంది ఎలీషమ్మ.

కెజియా పెట్టింది. ద్రాక్షబుట్టలు వచ్చాయి, గంటలు వచ్చాయి. ఆ తర్వాత, దగ్గు రావాల్సిన చోట, ఎలీషమ్మ పెదవులు కదిలాయి. అమ్మాయి ఎక్కడా ఆగలేదు.

ఎలీషమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"రాయి మర్లెయ్ వీరేందరూ. గరుకుగున్నా సరే, ఎనక దిక్కు పేరొక్కటి చెక్కు."