గాలాడని సీసాలు

తెలంగాణ రావడానికి ఐదారేళ్ల ముందు మాట. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గోడ పక్కన, రెండు గదుల ల్యాబ్‌లో కలబంద మొక్కల్ని టిష్యూ కల్చర్ పద్ధతిలో, మట్టి లేకుండా సీసాల్లో పెంచేవాళ్లం. బాధ్యత నాది. మొక్క ఖర్చు సగానికి దించకపోతే ల్యాబ్ మూసేస్తానన్నాడు యజమాని. ఇక నాకు పొదుపు పిచ్చి పట్టుకుంది. ల్యాబ్ చక్కెర మాని కిరాణా కొట్టు చక్కెర తెచ్చాను. మొక్క నిలబడే జిగురు కోసం వాడే అగర్‌కు బదులు సగ్గుబియ్యం, గాజు కుప్పెలకు బదులు పాత జామ్ సీసాలు, ట్యూబ్‌లైట్లకు బదులు కిటికీ వెలుతురు. మొక్కలు బాగానే వచ్చాయి. బూజు ఇంకా బాగా వచ్చింది.

పిలకలు కోసి సీసాల్లో నాటే అక్కది జనగామ వైపు. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు, ఈ జీతమే ఆధారం. బూజు పట్టిన సీసా ఆమె ముందు పెట్టి అరిచాను. "మూత గట్టిగా పెట్టక్కా! గాలి కూడా దూరకూడదు!"

మొక్కకు కాస్త గాలాడాలని, మూత వదులుగా ఉండాలని నాకు తెలుసు. కోపంలో నోరు జారింది, దిద్దుకోలేదు.

"గంతేనా సారూ? తొక్కు జాడీకి కట్టినట్టు కడ్త. ఫికర్ జేయకున్రి" అంది.

ప్రతి మూతా బిగించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, దారం చుట్టింది. బూజు మాయమైంది. శభాష్ అన్నది కూడా నేనే.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లి ఆగిపోయాను. మొక్కల్లో ఆకుపచ్చదనం లేదు. ఉబ్బి, గాజు ముక్కల్లా ఉన్నాయి. సీసా వెనక పెట్టిన నా వేలు మొక్కలోంచి కనిపించింది. అన్నీ ఒకే తల్లి పిలకలు. వందల సీసాల్లో అన్నీ ఒకే తీరుగా, కిటికీ వైపు వాలి ఉన్నాయి. ఒక మూత విప్పాను. ఉస్సుమంది. ఇంకోటి విప్పాను. అదీ ఉస్సుమంది. ఊపిరాడకే ఇలా అయ్యాయని నా చదువు చెబుతూనే ఉంది. అయినా గదినిండా ఎవరో ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నట్టనిపించింది.

అక్క గడప దాటలేదు. "సచ్చినయా సారూ, బతికున్నయా?" అని మెల్లగా అడిగింది.

మర్నాడు యజమాని వచ్చాడు. "ఇట్లా బిగించింది ఎవరు?"

అక్క నావైపు చూసింది, నేను చెబుతానని. నేను సీసాల వైపు చూశాను.

"నేనే సార్" అంది.

సాయంత్రానికల్లా ఆమెను మాన్పించారు. మూతలు వదులు చేసి, బూజు దూరకుండా దూది చుట్టాక కొత్త మొక్కలు పచ్చగా వచ్చాయి, ఖర్చు సగానికి దిగింది. నా ఉద్యోగం నిలబడింది. సిగ్గుగానే ఉండేది, అయినా నోరు విప్పలేదు.

ఏడాది తర్వాత ఉప్పల్ బస్టాపులో ఆమె ఎదురైంది. ఎవరిళ్లలోనో పాచిపని చేస్తోందట. మొక్కల గురించి అడిగింది. బాగున్నాయన్నాను.

"నేను జేసిన తప్పు మల్ల ఎవ్వరు జెయ్యలేదు గదా సారూ?"

"లేదక్కా" అన్నాను. అప్పుడే వచ్చి ఆగిన బస్సు నాది కాకపోయినా ఎక్కేశాను.